ఏసీ, గీజరు, బోరు మోటరు పెట్టేముందు ఇంటి వైరింగ్ ఎట్లా సరిచేయించుకోవాలి: కర్నూలు ఎండకు, కర్నూలు నేలకు తగ్గట్టు

కిందటి ఏప్రిల్‌లో నంద్యాల రోడ్డు పక్క కాలనీ నుంచి ఫోనొచ్చింది. ఏసీ పెట్టి పదకొండు రోజులే అయిందట. "అన్నా, రాత్రయితే చాలు ఇంట్లో ఎండుచేపలు కాల్చిన వాసన. ఏసీలో యాడన్నా ఎలుక సచ్చిందేమో, వచ్చి చూడు" అన్నాడు ఇంటాయన. వాళ్లది చేపలు వండే ఇల్లు కాదు.

ఏసీలో ఏమీ లేదు, ఆ వాసన మాడే ప్లాస్టిక్‌ది. మెయిన్ దించి ప్లగ్గు లాగితే సాకెట్ ముఖం కూడా దాంతోపాటే ఊడొచ్చింది. ఫేజు రంధ్రం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ మాడిన బెల్లం రంగుకు తిరిగింది. లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకు నీలంగా కమిలి, బిగువంతా పోయి నోరు తెరుచుకుంది. వెనకాల వైరును వేళ్ల మధ్య వంచితే తొడుగు అప్పడంలా పెళుక్కున విరిగింది. చూస్తే ఒకటిన్నర ఎంఎం వైరు. ఫ్యానుకూ ట్యూబ్‌లైటుకూ వేసిన లైనులోంచే ఒక కొస లాగి ఏసీకిచ్చారు. ఆ ఏసీ కొనడానికి ఆయన రాజ్‌విహార్ నుంచి బళ్లారి చౌరస్తా దాకా వారం రోజులు తిరిగాడట. వైరు గురించి మాత్రం ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

నేను వైరింగ్ పనిచేసేవాణ్ణి. ఇది చదివి మీరే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలని రాయడం లేదు. పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మీటరుకు ముందున్న వైరు జోలికి ఆయన కూడా పోకూడదు, అది కరెంటు ఆఫీసు వాళ్ల పని. అయితే గోడలోకి ఏం పోతోందో, పెట్టెలోకి ఏం ఎక్కుతోందో పక్కన నిలబడి చూసుకోవలసింది మీరు. ఏం చూడాలో, ఏం అడగాలో వరసగా చెప్తాను.

ముందు లెక్క

ప్రతి వస్తువుకూ వెనకో పక్కనో ఒక రేకో స్టిక్కరో ఉంటుంది. దాని మీద వాట్లు రాసుంటాయి. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. వైరుకు, స్విచ్‌కు, ప్లగ్గుకు కావలసిన భాష ఆంపియర్లే.

పదిహేను లీటర్ల గీజరు మామూలుగా 2000 వాట్లు, అంటే దాదాపు 8.7 ఆంపియర్లు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చూడ్డానికి చిన్నది, తీసుకునేది మాత్రం 3000 వాట్లు, 13 ఆంపియర్లు. చిన్నదే కదా అని మామూలు ప్లగ్గులో గుచ్చి కాల్చుకున్న బాత్‌రూములు ఎన్ని చూశానో. టన్నున్నర ఏసీ 7, 8 ఆంపియర్లు అనుకోండి. బయట 44 డిగ్రీలు మండుతుంటే మేడ మీది యూనిట్ రేకు మీది అంకె కంటే ఎక్కువే లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు. నీళ్లు వేడిచేసుకునే ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మిషన్ కూడా అటు ఇటుగా అంతే. ఫ్రిజ్‌కు భయపడాల్సింది లేదు, రెండొందల వాట్ల మనిషి.

మోటరు దగ్గర ఒక మెలిక ఉంది. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు అని బళ్లో చదువుకున్నాం. అది మోటరు ఇరుసు దగ్గర ఇచ్చే బలం. లైనులోంచి లాగేది దానికంటే ఎక్కువ, సింగిల్ ఫేజు ఒక హెచ్‌పీ మోటరుకు 7 ఆంపియర్లు పెట్టుకుంటే మంచిది. ఆన్ చేసిన మొదటి క్షణంలో దానికి అయిదారింతలు గుంజుతుంది. ఇంట్లో లైట్లు ఒక్కసారి కళ్లార్పినట్టు అయ్యేది అందుకే.

ఇప్పుడు పొద్దున ఏడు గంటల ఇల్లు ఊహించుకోండి. గీజరు ఆన్‌లో ఉంది, మేడ మీది ట్యాంకుకు మోటరు నడుస్తోంది, వంటింట్లో ఇండక్షన్ మీద ఉప్మా. 8.7, 7, 8.7 కలిపితే 24 ఆంపియర్లు దాటాయి, అంటే అయిదున్నర కిలోవాట్లు. మీ కరెంటు బిల్లు తీసి చూడండి, మంజూరైన లోడు ఒక కిలోవాటో రెండో ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు రాయించుకున్నదే ఇంకా నడుస్తోంది. లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప అంతా ఏపీఎస్పీడీసీఎల్ కిందికే వస్తుంది కాబట్టి పద్ధతి ఒకటే. దారి తెలియకుంటే 1912కు ఫోన్ చేసినా, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను అడిగినా చెప్తారు. స్తంభం నుంచి వచ్చే పాత అల్యూమినియం సర్వీసు వైరు కొత్త లోడు మోయగలదా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. "పెంచితే బిల్లు పెరుగుతుందేమో" అని వెనకాడేవాళ్లున్నారు. ఫిక్స్‌డ్ ఛార్జి కొంత పెరిగే మాట నిజమే. కాలిన మీటరు కంటే అది చౌక.

త్రీఫేజు తీసుకుంటే ఏసీ ఒక ఫేజు మీద, గీజరూ ఇండక్షనూ మరొకదాని మీద, మోటరు మూడోదాని మీద పంచండి. ఒక ఫేజు పోయినప్పుడల్లా అన్నీ తెచ్చి ఇంకో ఫేజుకు తగిలించే అలవాటు మన వీధుల్లో ఉంది. దానివల్ల ఉన్న ఒక్క ఫేజూ కుంగిపోతుంది. త్రీఫేజు ఇంట్లో న్యూట్రల్ జాయింటు గట్టిగా ఉండాలి. అది ఊడితే ఒక ఫేజు వస్తువులు రెండు ఫేజుల మధ్యన పడి, 230 రావలసిన చోట 400 దాకా ఎక్కి, టీవీ నుంచి ఫ్రిజ్ దాకా ఒక్క నిమిషంలో పోతాయి.

ఒక్కో పెద్ద వస్తువుకు ఒక్కో లైను

ఇది బేరం లేని మాట. డీబీ బాక్సు (మీటరు నుంచి వచ్చిన కరెంటును లైన్లుగా పంచే పెట్టె) నుంచి ఏసీకి ఒక లైను, గీజరుకు ఒక లైను, మోటరుకు ఒకటి, వంటింటి పవర్ ప్లగ్గులకు ఒకటి. లైను అంటే ఫేజు, న్యూట్రల్, ఎర్తు, మూడూ ఆ వస్తువుకే సొంతం. ఫేజు ఒకటి కొత్తగా లాగి న్యూట్రల్ పక్క బోర్డులో కలిపేస్తే అది కొత్త లైను కాదు. పోయిన కరెంటంతా తిరిగొచ్చేది ఆ న్యూట్రల్‌లోంచే కదా.

వైరు మందం సంగతి. ఇక్కడ ఎంఎం అంటే లోపలి రాగి అడ్డకోత, చదరపు మిల్లీమీటర్లలో. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర ఎంఎం. 16 ఆంపియర్ల ప్లగ్గులకు రెండున్నర. ఏసీకి, ఇన్‌స్టంట్ గీజరుకు నాలుగు. మీటరు నుంచి డీబీకి ఆరు, లోడు ఎక్కువుంటే పది. పాత మేస్త్రీలు 3/20, 7/20 అని గేజీల్లో చెప్తారు, అంటే 20 గేజీ పోగులు మూడు, ఏడు. 7/20 అంటే ఇప్పటి నాలుగు ఎంఎం కంటే కాస్త లావు, 3/20 అంటే రెండు ఎంఎంకు కొంచెం తక్కువ. వైరు చుట్ట మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె చూసి తీసుకోండి. ఊరూపేరూ లేని చుట్టలో నాలుగు ఎంఎం అని రాసుంటుంది, తొడుగు లావుగా ఉంటుంది, లోపల రాగి రెండున్నరకు మించదు. ఒక అడుగు ముక్క కోయించి తొడుగు వొలిచి చూస్తే తెలిసిపోతుంది.

మందం ఎందుకో ఒక్కసారి లెక్కేసి చూద్దాం. ఒకటిన్నర ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు సుమారు 13 ఓములు, నాలుగు ఎంఎం సుమారు 5. డీబీ నుంచి మేడ మీది గదికి 20 మీటర్లు, పోనూ రానూ 40. ఒకటిన్నర వేస్తే అర ఓము. అందులో 10 ఆంపియర్లు పోతే 50 వాట్లకు పైగా వేడి గోడలోనే పుడుతుంది, అయిదు వోల్టులు దారిలోనే పోతాయి. నాలుగు వేస్తే ఆ వేడి 20 వాట్లు. ఇక ఆ అర ఓము నలభై మీటర్ల పొడవునా కాకుండా ఒక్క వదులు జాయింటులోనే ఉందనుకోండి. ఆ 50 వాట్లూ శనగగింజంత చోట. ట్రాన్సిస్టర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. రెండు సోల్డరింగ్ ఐరన్లు సాకెట్ లోపల పెట్టి రాత్రంతా నిద్రపోయినట్టు. నేను చూసిన ఇంట్లో జరిగింది ఇదే.

దీనికి మన ఎండ తోడు. పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు. ఏ సైజు వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్న పట్టికలు మన దేశంలో చుట్టూ 40 డిగ్రీలు ఉంటుందనుకుని వేసినవి. మే నెలలో కర్నూల్లో శ్లాబు మీద ఎండకు పడున్న పైపు లోపల 50 దాటడం వింత కాదు. అక్కడ అదే వైరు మోసే శక్తి అయిదో వంతు తగ్గిపోతుంది. అందుకే మేడ మీద ఏసీ యూనిట్‌కు పోయే పైపును బండల మీద ఎండలో పరచొద్దని నేను పోట్లాడతాను. పిట్టగోడ నీడ వైపు క్లాంపులేసి తీసుకుపోతే రెండు మీటర్ల వైరు ఎక్కువవుతుంది, అంతే. ఒకే పైపులో అయిదారు లైన్లు కుక్కడం కూడా వద్దు. ఒకదాని వేడి ఇంకోదానికి ఎక్కుతుంది.

పాత మిద్దెల్లో ఉండేవాళ్లకు ఒక మాట. కర్నూలు రాజధానిగా ఉన్న 1953 నాటి ఇండ్లు, అంతకుముందువీ పాతబస్తీలో ఇంకా ఉన్నాయి. దూలాల వెంబడి చెక్క పట్టీల్లో గుడ్డ చుట్టిన వైరు, కొన్నింట్లో ఎర్తు వైరే లేదు. అట్లాంటి ఇంట్లో పాత వైరింగును నమ్ముకుని ఏ పెద్ద వస్తువూ పెట్టొద్దు. పాతది లైట్లకు మాత్రం ఉంచి, కొత్త డీబీ కట్టి, పైకి కనిపించే పీవీసీ పైపుల్లో కొత్త లైన్లు తీయండి. అందం కోసం రాతి గోడల్లో గాడి కొట్టాలని పట్టుబడితే గోడా పోతుంది, పనీ చెడుతుంది.

ఎంసీబీ కాపాడేది వైరును, మిమ్మల్ని కాదు

ఎంసీబీ అంటే లైనులో కరెంటు హద్దు దాటితే తానే పడి ఆపే స్విచ్. అది పడిపోతోందంటే చాలామందికి దాని మీద కోపమొస్తుంది. బుధవారపేటలో ఒకింట్లో 16 ఆంపియర్లది పడిపోతోందని 32ది తెచ్చి బిగించారు. అప్పట్నుంచి పడలేదు, నిజమే. వైరు పైపుకు అతుక్కుపోయేంత కరిగాక, లాగబోతే రాలేదు.

లెక్క సులువు. వస్తువు ఆంపియర్ల కంటే ఎంసీబీ ఎక్కువ ఉండాలి, ఎంసీబీ కంటే వైరు మోసే శక్తి ఎక్కువ ఉండాలి. గీజరుకు రెండున్నర వైరు, 16 ఎంసీబీ. ఇన్‌స్టంట్ గీజరుకు నాలుగు వైరు, 16. టన్నున్నర ఏసీకి నాలుగు వైరు, 20. పట్టికలు నాలుగు వైరుకు 25 కూడా ఒప్పుకుంటాయి, కానీ మేడ మీద ఎండలో పోయే లైనుకు నేను 20 దాటను. లైట్లకు 6 లేదా 10.

ఎంసీబీ ముఖం మీద అంకె పక్కన బీ, సీ, డీ అని ఒక అక్షరం ఉంటుంది. బీ రకం మూడు నుంచి అయిదింతల కరెంటుకే వెంటనే పడిపోతుంది, సీ రకం అయిదు నుంచి పదింతలకు. మోటరుకు, ఏసీకి మొదటి గుంజుడు తట్టుకోవాలి కాబట్టి సీ తీసుకోండి. గీజరుకు బీ సరిపోతుంది.

సైజు సరిగా ఉన్నా పడిపోతోందంటే అది ఏదో చెప్తోంది. వస్తువు పాడయిందా, లైనులో ఇంకేదన్నా కలిసిందా వెతకండి. పెద్ద ఎంసీబీ వేసి నోరు మూయించొద్దు.

ఎర్తు, ఆర్‌సీసీబీ

అసలు మాట ఇక్కడుంది. ఎక్కువసేపు కూర్చుని చెప్తాను.

గీజరు లోపల ఎలిమెంటు పగిలి కరెంటు నీళ్లలోకి, రేకు ఒంటికి వచ్చిందనుకోండి. ఎర్తు వైరు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోవాలి, ఎంసీబీ పడిపోవాలి. బళ్లో అట్లాగే చెప్తారు. మన నేలలో అంత బాగా జరగదు. ఆలూరు, ఆదోని, నంద్యాల వైపంతా నల్లరేగడి. వానాకాలంలో అది మంచి ఎర్తు. ఏప్రిల్ వచ్చేసరికి చెయ్యి పట్టేంత బీటలిచ్చి, పైపు చుట్టూ మట్టి విడిపోయి సందు పడుతుంది. ఊళ్లో కొన్ని చోట్ల నాలుగడుగులకే బండ తగులుతుంది. అట్లాంటి చోట ఎండాకాలం ఎర్తు 20 ఓములుందనుకుందాం. 230ని 20తో భాగించండి, 11.5 ఆంపియర్లు. మీ 16 ఎంసీబీకి అది గీజరు పనిచేస్తున్నట్టే. పడదు. గీజరు రేకు మీద కరెంటు అట్లాగే నిలబడి ఉంటుంది.

ఇక తడి చెయ్యి తగిలిందా, మనిషిలోంచి పోయేది ఆంపియరులో పదో వంతో అయిదో వంతో. గుండె ఆగడానికి అది చాలు. 16 ఆంపియర్లకు పడే ఎంసీబీ ఆ మనిషిని చూడను కూడా చూడదు.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఎటో కారిపోతోందని లైను కోసేస్తుంది. ఎర్తు 20 ఓములున్నా, 100 ఓములున్నా దాని పని అది చేస్తుంది. కాబట్టి మన ఊళ్లో ఈ రెండూ కావాలి. ఎర్తు ఉంటే రేకు ఒంటికి కరెంటు వచ్చిన క్షణంలోనే, ఎవరూ తాకకముందే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్తు లేకుంటే మనిషి తాకాక పడుతుంది.

కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 కూడా అమ్ముతారు, అవి మనిషి కోసం కావు. ఆర్‌సీసీబీ లోడు ఎక్కువైతే పడదు, కాబట్టి ఎంసీబీలు దాని వెనక ఉండాల్సిందే. వీలుంటే బాత్‌రూము, వంటిల్లు ఒక ఆర్‌సీసీబీ కింద, మోటరు వేరే ఆర్‌సీసీబీ కింద పెట్టించండి. బోరులోకి దిగిన కేబులు పాతబడితే కాస్త కాస్త కారుతుంది. దానివల్ల ఇంటి మొత్తానికి కరెంటు పోతుంటే చివరికి విసుగుపుట్టి ఆర్‌సీసీబీనే తీసేయిస్తారు. అట్లా తీసేసిన పెట్టెలు చాలా చూశాను.

పెట్టిన రోజు నుంచీ పడిపోతుంటే ఎక్కువసార్లు తప్పు న్యూట్రల్‌ది. రెండు లైన్ల న్యూట్రళ్లు ఎక్కడో బోర్డులో కలిసి ఉంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అయితే ముందు అక్కడే చూస్తాను. ఎర్తు లేని ఇంట్లో కొందరు ఒక అడ్డదారి చెప్తారు, సాకెట్‌లో న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు చిన్న వైరు ముక్కతో కలపడం. టెస్టరు పెడితే ఎర్తు ఉన్నట్టే కనిపిస్తుంది. ఎక్కడన్నా న్యూట్రల్ ఊడిన రోజు మీ గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మిషన్ ఒళ్లన్నీ ఫేజు అయి కూర్చుంటాయి. మీ ఎలక్ట్రీషియన్ ఆ పని చేయబోతే అక్కడే ఆపి పంపించండి.

గుంత ఎట్లా తీయించాలి

బోరుకు ఈశాన్యం చూస్తారు. ఎర్తు గుంతకు తడి ఉన్న చోటే వాస్తు. ఇంటి గోడకు మీటరున్నర దూరంలో, వీలైతే గిన్నెలు కడిగే నీళ్లు పోయే వైపు, చెట్టు పాదు దగ్గర తీయించండి. ఏసీ నీళ్ల గొట్టం ఆ గుంతలోకే వదిలితే ఇంకా మేలు. నేల ఎండిపోయే నెలల్లోనే ఏసీ నడుస్తుంది కాబట్టి గుంతకు దానంతటదే నీళ్లు అందుతాయి.

పైపు ఎర్తయితే రెండున్నర మీటర్ల పొడవు, 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, మధ్యమధ్య రంధ్రాలు కొట్టి ఉండాలి. పైపు మొత్తం లోపలికి దిగాలి. కూలీలు ఆరడుగులకే అలసిపోయి మిగిలింది కోసి పడేయడం మామూలు, అందుకే గుంత తవ్వేరోజు మీరు ఇంట్లో ఉండండి. చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు, ఇట్లా నింపుతారు. ఉప్పు చౌక, మొదట్లో బాగా పనిచేస్తుంది, కాని పైపును కూడా తినేస్తుంది. నల్లరేగడిలో నేనైతే బెంటొనైట్ అనే బంకమట్టి పొడి వేయమంటాను. అది తడి పట్టుకుని పైపును కరుచుకుని ఉంటుంది, మట్టి బీటలిచ్చినా సందు పడనీయదు. ఖర్చు కాస్త ఎక్కువ.

బండ తగిలితే? పైపు ఏటవాలుగా తోసి సరిపెట్టొద్దు. ప్రహరీ వెంబడి పొడవాటి కాలువ తీసి జీఐ పట్టీ పడుకోబెట్టి పూడ్చడం ఒక దారి. దూరం దూరంగా రెండు మూడు పైపులు దింపి కలపడం ఇంకో దారి. నీళ్ల పైపుకు ఎర్తు కట్టడం మాత్రం ఇప్పుడు పనికిరాదు, దారిలో ఎక్కడో ఒకచోట ప్లాస్టిక్ పైపు ఉంటుంది.

గుంత మీద చిన్న గూడు కట్టి మూత పెట్టించండి. పైన బండలు పరిచేసి "ఎర్తు యాడుందో తెల్దు" అనే ఇండ్లే ఎక్కువ. పైపుకు వైరు బిగించిన బోల్టు కంటికి కనిపించాలి, తుప్పు పడితే తెలియాలి.

ప్లగ్గులు, స్విచ్‌లు, జాయింట్లు

గీజరు స్విచ్ బాత్‌రూము బయట ఉండాలి. రెండు వైర్లనూ ఒకేసారి కోసే డబుల్‌పోల్ స్విచ్, 20 ఆంపియర్లది, ఎర్ర లైటు ఉన్నది పెట్టించండి. ఏసీకి ప్లగ్గు సాకెట్ కంటే ఎంసీబీ ఉన్న ఏసీ బాక్సు మంచిది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద గీజరు, ఇండక్షన్, వాషింగ్ మిషన్ ఏదీ వద్దు, ఒక్క పూటకు కూడా. 16 ఆంపియర్ల మూడుపిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది. గుచ్చేటప్పుడు ముందు తగలాలని, లాగేటప్పుడు చివర వదలాలని. ఆ పిన్ను కోసి చిన్న సాకెట్‌లో దూర్చిన ప్లగ్గు కనిపిస్తే పారేయండి.

2009 అక్టోబరు వరద తర్వాత పాతబస్తీలో మోకాలి ఎత్తు సాకెట్లన్నీ బురద నిండిపోయి ఉండగా మార్చాం. తుంగభద్ర, హంద్రీ దగ్గర్లో ఉండేవాళ్లు కింది అంతస్తులో డీబీనీ పవర్ ప్లగ్గులనూ భుజం ఎత్తుకు పెట్టించుకుంటే నష్టం లేదు.

గోడ లోపల, పైపు లోపల జాయింటు ఉండకూడదు. చుట్ట చాలకపోతే ఇంకో చుట్ట తెప్పించమనండి. స్క్రూ కింద బిగించే ప్రతి పోగువైరు కొసకూ లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే లోహపు తొడుగు) ఒత్తించండి. పోగులు విడిగా ఉంటే సగం బిగుస్తాయి, సగం పక్కకు పోతాయి. రాగిని అల్యూమినియానికి నేరుగా మెలిపెట్టొద్దు, మధ్యలో దానికి తగిన కనెక్టరు ఉండాలి.

మోటరు పెట్టె గురించి క్లుప్తంగా. ఎండావానా తగలని గూడులో పెట్టించండి, వైరు దూరే రంధ్రాలకు రబ్బరు గొట్టం వేయించండి. బల్లి దూరి స్టార్టరు కాలిన కేసులు ఏటా వస్తాయి. పెట్టె రేకుకు, బోరు మీది ఇనుప క్లాంపుకు ఎర్తు తప్పకుండా ఉండాలి.

పని అయ్యాక పరీక్ష

టెస్టరు వెలిగితే కరెంటు ఉందని, వెలగకపోతే లేదని నమ్మొద్దు. న్యూట్రల్ ఊడినా ఫేజులో వెలుగుతుంది. ఎండిన బండ మీద చెప్పులతో నిలబడితే కరెంటున్నా సరిగా వెలగకపోవచ్చు. మల్టీమీటరు పెట్టి చూపించమనండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటు ఇటు, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు పరవాలేదు. గీజరు ఆన్ చేయగానే అది పది దాటిందంటే ఎక్కడో న్యూట్రల్ వదులుగా ఉంది. కొత్త వైరింగయితే కరెంటు ఇవ్వకముందే మెగ్గరు (వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతోందో కొలిచే మీటరు) పెట్టించండి. ఇండ్లలో ఒక మెగాఓము కంటే తగ్గకూడదు, కొత్త వైరుకు దానికి ఎన్నో రెట్లు రావాలి. ఎర్తు ఎన్ని ఓములో కొలిచే మీటరు అందరి దగ్గరా ఉండదు, ఉన్నవాణ్ణి పిలిపించండి. మే నెలలో కొలిపిస్తేనే దాని అసలు రంగు తెలుస్తుంది. ఆగస్టులో అందరి ఎర్తూ బాగానే ఉంటుంది.

చివరగా ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్. నొక్కగానే టక్కున పడాలి. నెలకోసారి, కరెంటు బిల్లు వచ్చిన రోజు నొక్కండి. నొక్కినా పడకపోతే అది చచ్చిపోయిన ఆర్‌సీసీబీ, అదే రోజు మార్పించండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా కొన్ని లైన్లు బతికే ఉంటాయని ఇంట్లో అందరికీ తెలియాలి, అది దించే స్విచ్ ఎక్కడుందో చూపించి ఉంచండి.

మొదటి నెల ఒక పని పెట్టుకోండి. గీజరో ఏసీయో అరగంట నడిచాక, ఆపి, పొడి చేత్తో స్విచ్ పలకను తాకి చూడండి. గోరువెచ్చన పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత ఉంటే, చేపల వాసన వస్తే, రంగు మారితే మెయిన్ దించి ఫోన్ చేయండి. నెలయ్యాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డీబీలోనూ పవర్ ప్లగ్గుల్లోనూ స్క్రూలన్నీ ఒకసారి బిగించమనండి. వేడెక్కి చల్లారి రాగి సర్దుకుంటుంది, పావు చుట్టు తిరగని స్క్రూ ఉండదు.

నంద్యాల రోడ్డు ఇంటాయనకు నాలుగు ఎంఎం లైను, ఏసీ బాక్సు, ఆర్‌సీసీబీ, ప్రహరీ వెంబడి జీఐ పట్టీ వేసి వచ్చాను. మే నెలలో మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, ఎర్తు గుంతకు ఎన్ని నీళ్లు పోయాల?" రోజు విడిచి రోజు రెండు బిందెలు అన్నాను. "మా యమ్మ తులసికోటకన్నా ముందు దానికే పోస్తాంది" అన్నాడు.